సున్నా చుట్టిన ఇల్లు

పోర్ట్‌బ్లెయిర్ బతు బస్తీలో డిసెంబరు దగ్గరపడిందని తెలుసుకోవడానికి క్యాలెండరు చూడనక్కర్లేదు, ఫేబే గొంతు వింటే చాలు. నవంబరు చివరి ఆదివారం తెలుగు చర్చిలో ఆరాధన ముగిసి, జనం వరండాలో చెప్పులు వెతుక్కుంటూ ఉండగా ఆవిడ గేటుకు అడ్డంగా నిలబడేది. "ఎవరూ కదలొద్దు. చాయ్ వస్తంది. పేర్లు రాసుకుంటాను" అనేది. ఆ చాయ్ తాగినవాడు జనవరి రెండో తారీకు దాకా ఆవిడ చేతికి చిక్కినట్టే. వెదురు చీల్చి పెద్ద నక్షత్రం కట్టడానికి ఇద్దరు, పిల్లల పార్టీకి ముగ్గురు, పండగనాటి ప్రేమవిందుకు ఉల్లిపాయలు తరగడానికి ఎనిమిది మంది, ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే గుంపుకు గొంతున్నవాళ్లూ లేనివాళ్లూ కలిపి ఇరవై మంది. జీతం లేని పనికి మనుషుల్ని పోగెయ్యడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. పని చెప్పగానే ఒకడికి పరీక్ష గుర్తొస్తుంది, ఇంకొకడికి నడుంనొప్పి పుట్టుకొస్తుంది. ఫేబే దగ్గర ఈ ఆటలు సాగేవి కావు. నడుంనొప్పి అన్నవాణ్ణి కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒళ్లో వెల్లుల్లి బుట్ట పెట్టేది.

ఆవిడకు యాభై ఆరేళ్లు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతుకుతుంది. అమ్మానాన్నలు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఆవిడ మాత్రం పుట్టిందీ పెరిగిందీ పోర్ట్‌బ్లెయిర్‌లోనే. పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఎవరైనా జాలిగా మాట్లాడబోతే "నాకు యేడాదికి ఇరవై మంది పుడతారు, మీకెంతమందేటి?" అని నోరు మూయించేది. ఆ ఇరవై మందికీ తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదు. అందుకని తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో తన చేత్తోనే రాసి, కాపీలు తీయించి పంచేది. డోలు కొట్టడానికి జంగ్లీఘాట్ నుంచి నూకన్న వచ్చేవాడు. అతను సముద్రం మీద చేపల వేటకెళ్లే మనిషి, చర్చికి సంబంధం లేనివాడు. "మా గంగమ్మకి కొట్టిన సెయ్యే మీ యేసుబాబుకీ కొడతాది, అందులో ఏటుంది దీదీ" అనేవాడు.

ఫేబే దగ్గర అట్ట వేసిన ఒక లావు నోటుపుస్తకం ఉండేది. పాట వెళ్లవలసిన ఇళ్ల పేర్లన్నీ అందులో వరసగా రాసి, ఆ యేడు చావు జరిగిన ఇంటి పేరు చుట్టూ ఒక సున్నా చుట్టేది. సున్నా ఉన్న ఇంటి ముందు పాట లేదు. ఆ ఇంటికి ఇరవై అడుగుల ముందే డోలు ఆపాలి, మాటలు ఆపాలి, నవ్వులు మింగాలి. ఒకరు వెళ్లి గేటు మీద కేకు పొట్లం పెట్టి రావాలి. ఇల్లు దాటి మళ్లీ ఇరవై అడుగులు నడిచాకే డోలు మోగాలి. ఇది ఫేబే పెట్టిన పద్ధతి. సునామీ తరవాతి డిసెంబరులో, హట్‌బేలోనూ కార్ నికోబార్‌లోనూ అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు బస్తీలో చాలా ఉండేవి. ఫేబే అప్పటికి ఈ పనికి కొత్త. ఎప్పటిలాగే గంతులేస్తూ ఒక ఇంటి ముందు పాడితే, లోపలి నుంచి ఒకావిడ వచ్చి, పల్లెత్తు మాట అనకుండా దీపం ఆర్పేసి తలుపు వేసుకుంది. ఫేబేకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మరుసటి యేటి నుంచి సున్నాలు మొదలయ్యాయి.

అందరూ మెచ్చుకున్నారు. చర్చి అయ్యగారు ఆదివారం నాడు ప్రసంగ వేదిక మీద నుంచే చెప్పారు, ఇది మనసున్న పద్ధతి అని. యేడాది తిరగ్గానే ఆ ఇంటివాళ్లు "ఈసారి రండమ్మా" అని కబురు చేసేవారు, ఫేబే కొత్త జాబితాలో సున్నా లేకుండా పేరు రాసేది. నిజం చెప్పాలంటే ఆ పద్ధతి చూసుకుని ఆవిడకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆగస్టులో జీవానందం పోయాడు. ఫేబే భర్త. దీవుల మధ్య తిరిగే పడవలో ఇంజన్ డ్రైవరుగా చేసేవాడు. రంగత్ వైపు నుంచి తిరిగొస్తూ ఇంజను గదిలో ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. పడవ జెట్టీ చేరేసరికి అంతా అయిపోయింది. మాట తక్కువ మనిషి. పాటకు పనికిరాడు, శ్రుతి అంటే ఏమిటో తెలియదు, అందుకని పద్దెనిమిదేళ్లపాటు పాటగుంపు ముందు నక్షత్రం కర్ర పట్టుకుని నడిచాడు. ఎవరు రాకపోయినా వెల్లుల్లి బుట్ట ముందు అతను ఉండేవాడు. అతన్ని పూడ్చిపెట్టి వచ్చిన రోజు నుంచి ఫేబే కుట్టుమిషను ముందు కూర్చుంటే చాలు, మోటారు చప్పుడుకే ఏడుపొచ్చేది. డిసెంబరు రానీ, పనిలో పడితే కాస్త ఊపిరి తిరుగుతుంది అనుకుంటూ నెలలు లెక్కపెట్టుకుంది.

నవంబరు చివరి ఆదివారం తెల్లచీర కట్టుకుని, నోటుపుస్తకం సంచిలో పెట్టుకుని చర్చికి వచ్చింది. గేటు దగ్గరికి వెళ్లేసరికి అక్కడ అప్పటికే బెన్‌హర్ నిలబడి ఉన్నాడు. ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు, ముప్పై ఏళ్లవాడు, సండే స్కూల్లో ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. చాయ్ కూడా అతనే తెప్పించాడు. చేతిలో కొత్త పుస్తకం.

"ఆంటీ, ఈ సాల్ మీరు ఆరామ్ తీసుకోండి. మేమున్నాం కదా, సబ్ సంభాల్ లేంగే, అన్నీ చూసుకుంటాం" అన్నాడు.

"నాకేం ఆరామ్‌రా? చేతులు పని చేస్తన్నాయి, కాళ్లు నడుస్తన్నాయి."

"అది కాదు ఆంటీ. మత్లబ్, అంకుల్ పోయి నాలుగు నెలలు కూడా కాలేదు. మీ చేత ఉల్లిపాయలు తరిగించి మేము పాటలు పాడుకుంటే బాగుంటాదా? జనం మమ్మల్ని తిట్టరా?"

అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అతని చేతిలో తెరిచి ఉన్న పుస్తకం మీద ఫేబే చూపు పడింది. ఇళ్ల పేర్లు హిందీ అక్షరాల్లో ఉన్నాయి. ఏడో పేరు తనది. దాని చుట్టూ గుండ్రంగా, నీటుగా ఒక సున్నా. ఎలా చుట్టాలో ఆ పిల్లాడికి నేర్పింది తనే. తాను పెట్టిన పద్ధతిని తాను తప్పుపట్టడానికి ఏ మొహంతో నోరు తెరుస్తుంది? చాయ్ తాగి ఇంటికి వచ్చేసింది.

ఆ తరవాత మూడు వారాలూ అందరూ ఆవిణ్ణి ఎంతో బాగా చూసుకున్నారు. పొద్దున ఒకరు ఇడ్లీ పంపితే మధ్యాహ్నం ఇంకొకరు చేపల పులుసు పంపేవారు. పని మాత్రం ఎవరూ పంపలేదు. వెదుళ్లు భుజాన వేసుకుని కుర్రకారు గట్టిగా మాట్లాడుకుంటూ వచ్చి, ఆవిడ గేటు ముందుకు రాగానే గొంతు తగ్గించేసేవారు. పిల్లల పార్టీ అయిపోయిందని మర్నాడు తెలిసింది. పనిమంతురాలి చేతిలోంచి పని లాక్కోవడం కన్నా పెద్ద శిక్ష లేదు, అదీ ప్రేమతో లాక్కుంటే ఎవరితో దెబ్బలాడుతుంది? చివరికి ఆవిడకు ఒక్కటే కోరిక మిగిలింది. పాటగుంపు తన గుమ్మం ముందు ఆగాలి. గట్టిగా పాడాలి. ఈ ఇంట్లో ఇంకా ఒక మనిషి ఉందని వీధికంతటికీ వినబడేలా పాడాలి. కానీ పిలిచి పాడించుకోవడానికి అభిమానం అడ్డొచ్చింది.

డిసెంబరులో ఈ దీవుల్లో ఐదింటికే పొద్దు వాలిపోతుంది. పద్దెనిమిదో తారీకు సాయంత్రం ఆరున్నరకు ఫేబే వీధివైపు గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కింద మలుపు దగ్గర డోలు మొదలైంది. నూకన్న చెయ్యి, ఎక్కడున్నా గుర్తుపట్టగలదు. ఒక ఇల్లు అయింది, రెండో ఇల్లు అయింది, పాట దగ్గరికొస్తోంది. తెలియకుండానే లేచి, కొంగు సర్దుకుని, తలుపు గడియ మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే డోలు ఆగిపోయింది.

ఇరవై అడుగులు. వాళ్లు ఒక్క అడుగు కూడా తప్పలేదు. చెప్పుల చప్పుడు మాత్రం వినిపించింది. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. గేటు దగ్గర పొట్లం గరగరలాడింది. ఇరవై మంది మనుషులు, తాను పేరుపేరునా ఎరిగినవాళ్లు, దొంగల్లా తన ఇంటిని దాటిపోతున్నారు. ఆ నిశ్శబ్దం ఇంత పెద్దగా ఉంటుందని ఇన్నేళ్లలో ఆవిడకు ఎప్పుడూ తోచలేదు, ఎందుకంటే ఇన్నేళ్లూ తాను రోడ్డు మీద నడిచింది గాని తలుపు లోపల నిలబడలేదు. కాసేపటికి పైనున్న మలుపు దగ్గర డోలు మళ్లీ మోగింది. ఫేబే తలుపుకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడుపు తగ్గాక పాత నోటుపుస్తకం తీసింది. యేటా చుట్టిన సున్నాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. ఈ ఇంట్లో తల్లి, ఆ ఇంట్లో మామగారు. ఎవరికైనా ఒక యేడు, మహా అయితే రెండేళ్లు. ఒక్క పేరు మాత్రం పేజీ తిప్పినప్పుడల్లా సున్నాతోనే కనబడింది. మేరమ్మ. లెక్కపెడితే పదకొండేళ్లు.

మేరమ్మ బస్తీ కింది వీధిలో ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి, ఎండుచేపలు అమ్ముకునేది. ఒక్కగానొక్క కొడుకు పైడిబాబు. తాత పేరు పెట్టుకున్నారు. పదకొండేళ్ల కిందట జులైలో జంగ్లీఘాట్ నుంచి చిన్న డోంగీ పడవ వేసుకుని ఒంటరిగా వేటకెళ్లాడు. గాలివాన వచ్చింది. మనిషీ తిరిగి రాలేదు, డోంగీ చెక్కముక్క కూడా తిరిగి రాలేదు. శవం లేదు గనక సమాధి లేదు, సమాధి లేదు గనక సంవత్సరీకం లేదు, సంవత్సరీకం లేదు గనక "ఈసారి రండమ్మా" అన్న కబురూ లేదు. ఫేబేనే వెళ్లి అడగొచ్చు. కానీ ఏమని అడుగుతుంది? నీ దుఃఖం తీరిందా అని అడగడమంటే నీ కొడుకు చచ్చినట్టేనా అని అడగడమే. అంత ధైర్యం లేక, ప్రతి నవంబరులోనూ జాబితా తిరగరాస్తున్నప్పుడు ఆ సున్నాను కూడా తిరగరాసేది.

మర్నాడు పొద్దున్నే కింది వీధికి నడిచింది.

మేరమ్మ గుమ్మానికి కాగితం నక్షత్రం కట్టి ఉంది. యేటా కడుతుంది. కొడుక్కి ఇల్లు తెలియడానికి కట్టుకుంది పాపం అని పాటగుంపులో అందరూ అనుకునేవారు, ఫేబే కూడా. లోపల నూనె వాసన. మేరమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని, గులాబీ పువ్వులు వండే ఇనుప అచ్చును గుడ్డతో తుడుస్తోంది. పక్కన పెద్ద డబ్బా నిండా పువ్వులు.

"రా అమ్మా, రా. జీవానందం పోయినప్పుడు ఒచ్చి నిన్ను సూసినాను, మళ్లీ రానేకపోయాను. కాళ్లు సెప్పినట్టు ఇనవు. కూకో" అంది.

"ఇన్ని వండేవు, ఎవరికి పిన్నీ?"

"పాటోళ్లకి. మా వీధికి ఇరవై మూడో తారీకంట కదా."

ఫేబే డబ్బాలోకి తొంగి చూసింది. "యేటా వండుతావా?"

"యేటా వండుతాను. ఒకేళ వొస్తే ఉత్తి సేతుల్తో ఎలా పంపుతాను? మీరు రారు. మర్నాడు వీధిలో పిల్లా గుంటలకి పెట్టెత్తాను."

"మరి ఒక్క మాట కబురు చెయ్యలేకపోయావా పిన్నీ? మేము పరుగెత్తుకుని వచ్చేవాళ్లం కదా."

మేరమ్మ అచ్చును పక్కన పెట్టింది. "గుమ్మానికి నచ్చత్రం కట్టినాను. అందరూ ఎందుకు కడతారో నానూ అందుకే కట్టినాను. ఇంకేటని కబురు సెయ్యమంటావు?"

ఫేబే చూపు గుమ్మానికున్న నక్షత్రం వైపు పోయింది. మేరమ్మే మళ్లీ మాట్లాడింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, తిట్లు పడి ఊరుకోవచ్చు.

"మీరు మంచికే సేసినారు, నాకు తెలుసు. కానీ ఒక మాట సెప్తాను ఇను. నా కొడుకు పోనాడని నాకు ఎవులూ సెప్పనేదు. పోలీసోళ్లు సెప్పనేదు. ఆపీసోళ్లు సెప్పనేదు. బర్మా ఒడ్డుకి కొట్టుకుపోయి జైల్లో ఉండుంటాడు అన్నోళ్లున్నారు, అలా పోయి తిరిగొచ్చినోళ్లూ ఉన్నారు. మీరే సెప్పినారు. యేటా ఒచ్చి, నా గుమ్మం ముందల డోలు ఆపీసి, నీ కొడుకు సచ్చిపోనాడు అనీసి సెప్పి ఎలిపోయేవోరు. కేకు కూడా ఎట్టి."

రాత్రి తన తలుపు వెనక నిలబడకపోయి ఉంటే ఫేబేకు ఆ మాట అర్థమయ్యేది కాదేమో. ఇప్పుడు అర్థమయింది. మేరమ్మ మోకాళ్ల దగ్గర కూర్చుని ఆవిడ చేతులు పట్టుకుంది. "తప్పయిపోయింది పిన్నీ. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటన్నాను. ఏం చెయ్యమంటావో చెప్పు."

"ఒకపాలి రండి. పాడండి. పాటయ్యాక ఇంటోళ్ల పేర్లు వరసగా సెప్పి ప్రార్థన సేత్తారు కదా, అలా సెయ్యండి. ఆడి పేరు కూడా సెప్పండి."

అడిగింది చిన్న మాటలాగే ఉంది. కానీ వాళ్ల చర్చిలో పోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యరు. పోయినవాళ్లు దేవుడి దగ్గరే ఉన్నారు, ఇక మన మాట సాయం వాళ్లకు అక్కర్లేదు అంటారు. కాబట్టి ఇంటి ముందు ప్రార్థనలో ఒకరి పేరు చెప్పారంటే ఆ మనిషి ప్రాణాలతో ఉన్నట్టు. చెప్పలేదంటే లేనట్టు. ఫేబే తలూపి వచ్చేసింది.

ఫేబే నేరుగా బెన్‌హర్ కొట్టుకు వెళ్లి ఆ మాట చెబితే, వింటూనే అతను స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. అతని మొహం పాలిపోయింది. పదకొండేళ్లలో నాలుగేళ్లు ఆ గేటు మీద పొట్లం పెట్టింది అతనే.

"పాడదాం ఆంటీ. జరూర్ పాడదాం. కానీ ఆ పేరు... పదకొండేళ్లు ఆంటీ. నూకన్న భయ్యాని అడగండి, అతనూ పైడిబాబు ఒకే ఒడ్డు నుంచి వేటకెళ్లేవాళ్లు. ఆ రోజు సముద్రం ఎలా ఉందో చూసినవాడు. బతికున్నాడని దేవుడి ముందు నిలబడి ఎలా అంటాం? ఝూట్ కదా?"

"మరి చచ్చిపోయాడని పదకొండేళ్లు డోలు ఆపి చెప్పాం కదా. అది నిజమని నీకెవరు చెప్పారు?"

బెన్‌హర్ స్క్రూడ్రైవరును బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు. ఫేబే దగ్గర మాత్రం జవాబుందా? ఇంటికొచ్చి ఆవిడ కూడా అదే ఆలోచించింది. ఆవిడ మనసులో పైడిబాబు ఎప్పుడో పోయాడు. ఆ పేరు ప్రార్థనలో పలికితే నోటితో ఒకటి, మనసులో ఒకటి. పలకకపోతే ఆ తల్లికి పన్నెండోసారి అదే మాట చెప్పినట్టు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టు, ఇదంతా తన చేతి సున్నాతో వచ్చింది. ఇంకొకరి మీదకు నెట్టడానికి లేదు. ఇరవై రెండో తారీకు సాయంత్రం బెన్‌హర్‌కు ఫోను చేసి, "ప్రార్థన నేనే చేస్తాను. పేరు చెప్తాను. తప్పయితే దేవుడు నన్నడుగుతాడు" అంది.

ఇరవై మూడున చీకటిపడ్డాక ఫేబే తెల్లచీరతోనే పాటగుంపులో కలిసింది. ఎవరూ వద్దనలేదు. నక్షత్రం కర్ర ఎవరో కొత్తవాడు పట్టుకున్నాడు. ఆవిడ అటు చూడకుండా నడిచింది. కింది వీధిలో మేరమ్మ ఇల్లు నాలుగోది. మూడో ఇంటి దగ్గర నూకన్న పక్కకొచ్చాడు.

"దీదీ, అలవాటు సొప్పున నా సెయ్యి ఆగిపోతాదేమో. నువ్వు నా పక్కనే నడు" అన్నాడు.

ఆవిడ పక్కనే నడిచింది. అతని చెయ్యి ఆగలేదు. మేరమ్మ గేటు తీసి ఉంది. చీర మార్చుకుని, తల దువ్వుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పిల్లలు పాడారు. మొదటి చరణం తడబడ్డారు, కొందరు ఏడుస్తూ పాడారు. రెండో పాటకు గొంతులు సర్దుకున్నాయి. ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు. మేరమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పాట చివరిదాకా ఒక్కొక్కరి మొహమే చూస్తూ కూర్చుంది.

పాట అయింది. అందరూ కళ్లు మూసుకున్నారు. ఫేబే ముందుకొచ్చి మేరమ్మ పక్కన నిలబడింది.

"ప్రభువా, ఈ ఇంటిని నీ చేతికి అప్పగిస్తున్నాం. ఈ ఇంట్లో ఉన్నవాళ్లను కాపాడు. నీ బిడ్డ మేరమ్మను కాపాడు. ఆమె కుమారుడు..."

అక్కడ ఆగింది. అబద్ధమని కాదు. చెప్పాలనే ఉంది, పేరు నాలుక చివరనే ఉంది. గట్టిగా ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టబోయింది. ముడతలుపడిన చెయ్యి ఒకటి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"ఆగమ్మా" అంది మేరమ్మ.

అందరూ కళ్లు తెరిచారు.

"ఆడి పేరు వొద్దు."

"నేను చెప్తాను పిన్నీ. చెప్పడానికే వచ్చాను."

"తెలుసు. నువ్వు సెప్తావు. సెప్తావనే నాను వొద్దంటన్నాను." మేరమ్మ ఆ మణికట్టు వదల్లేదు. "ఇన్నాళ్లూ మీరందరూ కలిసి ఆణ్ణి సంపీసినారు. నాను ఒక్కద్దాన్నే అడ్డం నిలబడినాను. ఆడు ఉన్నాడా లేడా అని ఇయ్యాల నన్ను అడిగినారు. అడిగితే నానేటి సెప్పాలి? తల్లిని, నాకు తెలీదా?" ఫేబే చెయ్యి వదిలేసింది. "ఈ ఇంట్లో నాను ఒక్కద్దాన్నే ఉన్నాను. అలాగే సెప్పు."

ఫేబే అలాగే చెప్పింది. ఈ ఇంట్లో మేరమ్మ ఒక్కతే ఉంది ప్రభువా, ఆమెకు తోడుగా ఉండు అంది. ఆమేన్ అన్న మాట సగంమంది నోటి నుంచి రాలేదు. నూకన్న డోలు కింద పెట్టి, తల పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మేరమ్మ ఏడ్చింది. చీర చెంగు నోట్లో కుక్కుకోకుండా, ఎవరి నుంచీ దాచుకోకుండా, కొడుకు పేరు పెట్టి పిలుస్తూ గట్టిగా ఏడ్చింది. పదకొండేళ్లలో ఆవిడ అలా ఏడవడం వీధిలో ఎవరూ చూడలేదు. ఎదురింటివాళ్లు వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఎవరూ ఊరుకోమనలేదు.

చాలాసేపటికి తనే మొహం తుడుచుకుంది. డబ్బా తెప్పించి, అందరి చేతుల్లోనూ రెండేసి గులాబీ పువ్వులు పెట్టింది. నూకన్నకు ఇంకొకటి ఎక్కువ పెట్టింది. చివరన ఫేబే దగ్గరికొచ్చి, పువ్వు ఆవిడ చేతిలో పెట్టకుండా పట్టుకుని నిలబడింది.

"మీ ఇంటికి పాటొచ్చిందా?"

"లేదు పిన్నీ."

"మీ ఇంట్లో ఎందరున్నారు?"

ఫేబే జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. ఇద్దరం అని రాబోయింది. ఆగస్టు నుంచి ఎవరూ ఆవిణ్ణి ఆ ప్రశ్న అడగలేదు. అందరూ తెలిసినట్టే మసలుకున్నారు, అందుకని ఆవిడ ఆ మాట ఒక్కసారి కూడా తన నోటితో అనలేదు. చుట్టూ ఇరవై మంది చూస్తున్నారు. బెన్‌హర్ చూపు నేల మీద ఉంది.

"ఒక్కదాన్నే పిన్నీ" అంది.

అంటూనే మేరమ్మ భుజం మీద వాలిపోయింది. మేరమ్మ ఆవిణ్ణి పట్టుకుని, ఏడవనిచ్చి, తరవాత పువ్వు ఆవిడ చేతిలో పెట్టింది. గోడకు ఆనించిన తన చేతికర్ర అందుకుని, చెప్పుల కోసం కాలితో తడిమింది.

"అయితే పదండి" అంది.